రాత్‌లోకి మార్చారు సరే, 8606 రాశారా?

లోన్ వాళ్ళు అడిగింది రెండేళ్ళ ట్యాక్స్ రిటర్న్‌లే. 2024 అక్టోబర్‌లో ఇల్లు మారదామనుకుని వాటికోసం ఫోల్డర్ తెరిస్తే 2021 రిటర్న్ కూడా అందులోనే ఉంది, ఊరికే తిరగేశాను. అమెరికా ఇన్‌కమ్‌ట్యాక్స్ రిటర్న్ ఫారం 1040 మొదటి పేజీలో 4ఎ లైన్ ఖాళీగా ఉంది, పక్కన 4బిలో 12,000 అని ఉంది. ఒక నిమిషం పాటు నాకేమీ అర్థం కాలేదు. 4బి అంటే ఐఆర్ఏ (రిటైర్మెంట్ కోసం మనమే తెరుచుకునే ఖాతా) నుంచి తీసిన డబ్బులో ట్యాక్స్ పడే భాగం. మేం ఆ ఏడాది ఐఆర్ఏ నుంచి ఒక్క డాలరు కూడా తీసి వాడుకోలేదు. చేసిందల్లా, ఫిబ్రవరిలో నేను ఆరు వేలు, మావారు ఆరు వేలు ట్రెడిషనల్ ఐఆర్ఏలో వేసి, వారం తిరక్కుండా ఆ డబ్బుని రాత్ ఐఆర్ఏలోకి, అంటే ట్యాక్స్ కట్టిన డబ్బు దాచుకుని రిటైరయ్యాక ట్యాక్స్ లేకుండా తీసుకునే ఖాతాలోకి, మార్చడం. ఆదాయం ఎక్కువై నేరుగా రాత్‌లో వేయలేని మన వాళ్ళలో చాలామంది చేసే బ్యాక్‌డోర్ రాత్ అన్నమాట. అది జీతంలోంచి ట్యాక్స్ పోగా మిగిలిన డబ్బు. దాని మీద 24 శాతం చొప్పున మళ్ళీ 2,880 డాలర్లు కట్టాం, రెండున్నరేళ్ళ పాటు కట్టామన్న సంగతి కూడా మాకు తెలియదు.

మా రిటర్న్ చేసేది మన తెలుగాయనే, ఏళ్ళుగా ఆయన దగ్గరే చేయించుకుంటున్నాం. ఫోన్ చేసి అడిగాను. "మేడమ్, మీరు పంపిన 1099-ఆర్‌లో టాక్సబుల్ అమౌంట్ ఆరు వేలని ప్రింటై ఉంది, అదే ఎక్కించాం" అన్నారు. 1099-ఆర్ అంటే ఖాతాలోంచి డబ్బు వెళ్ళిందని చెబుతూ ఖాతా ఉన్న కంపెనీ పంపే కాగితం, ఇద్దరికీ చెరొకటి వచ్చింది. ఆయన చెప్పింది అబద్ధం కాదు. కాగితం తీసి చూస్తే బాక్స్ 1లో 6,000, బాక్స్ 2ఎలో కూడా 6,000. కానీ దాని కిందే 2బి దగ్గర చిన్న గడిలో ఒక టిక్కు ఉంది. ట్యాక్స్ పడే మొత్తం ఎంతో మేం తేల్చలేదు అని ఆ టిక్కుకి అర్థం. అంటే మన డబ్బు దాచిపెట్టే కంపెనీ, నిజమైన లెక్క తనకి తెలియదని చెబుతూనే పైన మొత్తం అంకె వేసి పంపుతుంది. అలా వేయమన్నది కూడా అమెరికా ట్యాక్స్ శాఖ ఐఆర్ఎస్సే. ఆ అంకెని ఆయన నమ్మారు, ఆయన్ని మేం నమ్మాం. నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ కొంత ఉంది. ఇది ట్యాక్స్ కట్టిన డబ్బా, కట్టనిదా అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది కదా. అయితే ఆ ప్రశ్నకి జవాబు మా ఇద్దరికి తప్ప ఇంకెవరికీ తెలియదన్న విషయం నాకు ఆ తర్వాతే తలకెక్కింది. ఇదంతా రాస్తున్నది అందుకే.

కాగితాలు వచ్చే వరస చూడండి. ఐఆర్ఏలోంచి డబ్బు వెళ్తే, అది రాత్‌లోకి వెళ్ళినా సరే, 1099-ఆర్ జనవరి నెలాఖరుకల్లా మనకి పంపాలి. ఐఆర్ఏలోకి డబ్బు వేశామని చెప్పే కాగితం వేరే, దాని పేరు 5498. దానికి గడువు మే నెలాఖరు, ఎందుకంటే పోయిన ఏడాది కింద చూపించుకునే డబ్బుని ఈ ఏడాది ఏప్రిల్ 15 దాకా వేసుకోవచ్చు. కాబట్టి రిటర్న్ తయారయ్యే రోజుకి డబ్బు వెళ్ళిన కాగితం చేతిలో ఉంటుంది, డబ్బు వచ్చిన కాగితం ఉండదు. పోనీ ఆ 5498 ముందే వచ్చినా, ఎంత వేశారో చెబుతుంది గానీ దాని మీద డిడక్షన్ తీసుకున్నారో లేదో, అంటే ఆ డబ్బుని ట్యాక్స్ పడే ఆదాయంలోంచి తగ్గించుకున్నారో లేదో చెప్పదు. అది మన రిటర్న్‌లోనే తేలాలి. ఫిబ్రవరిలో జీతం లెక్క చెప్పే డబ్ల్యూ-2లూ 1099లూ అప్‌లోడ్ చేసేసి "అన్నీ పెట్టానండీ, చూడండి" అని మెసేజ్ పంపే మనలో ఎంతమందిమి "ఐఆర్ఏలో నేను ఆరు వేలు వేశాను, అది ట్యాక్స్ కట్టిన డబ్బు" అని ఒక్క వాక్యం రాస్తున్నాం? నేను రాయలేదు.

ఆ వాక్యం కోసమే ఐఆర్ఎస్ 8606 అనే ఫారం పెట్టింది. చూడగానే బెదిరిపోవాల్సినంత పెద్దదేం కాదు. ఒకటో లైన్‌లో ఈ ఏడాది డిడక్షన్ తీసుకోకుండా వేసిన డబ్బు, రెండులో పాత ఏళ్ళ నుంచి మిగిలి ఉన్న ట్యాక్స్ కట్టిన సొమ్ము, దీన్నే బేసిస్ అంటారు. ఆరులో డిసెంబర్ 31న ట్రెడిషనల్ ఐఆర్ఏలన్నిటిలో కలిపి ఉన్న నిల్వ, ఎనిమిదిలో రాత్‌కి మార్చింది, పద్నాలుగులో వచ్చే ఏడాదికి మోసుకెళ్ళే బేసిస్, పద్దెనిమిదిలో ట్యాక్స్ పడే భాగం. మాలాంటి తేలికైన కేసులో ఒకటిలో 6,000, ఆరులో సున్నా, ఎనిమిదిలో 6,000, పద్నాలుగులోనూ పద్దెనిమిదిలోనూ సున్నా. పావుగంట పని. జాయింట్‌గా రిటర్న్ వేసినా 8606 మాత్రం భార్యకొకటి, భర్తకొకటి, ఎందుకంటే ఐఆర్ఏ ఎవరిది వాళ్ళదే. ఆ రెండు ఫారాలూ ఉండుంటే మా 1040లో 4ఎలో 12,000, 4బిలో సున్నా వచ్చేవి. రిటర్న్ మొత్తం వెతికాను, 8606 అన్న అంకే ఎక్కడా లేదు.

ఇక్కడ ఒక మాట. బ్యాక్‌డోర్ అన్న పేరే మన వాళ్ళని సగం చెడగొట్టింది. ఆ మాట వినగానే మనకి దొడ్డిదారి గుర్తొస్తుంది, దొడ్డిదారిన చేసేది గుట్టుగా ఉంచాలనిపిస్తుంది. "డబ్బు ఎటూ రాత్‌లోకి వెళ్ళిపోయింది, ట్యాక్స్ కూడా లేదు, మళ్ళీ ఐఆర్ఎస్‌కి చెప్పి తలనొప్పి తెచ్చుకోవడం ఎందుకు" అని నాతో అన్నవాళ్ళు ఉన్నారు, మంచి ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళే. రాత్ ఐఆర్ఏ 1997 చట్టంతో వచ్చింది, డెలవేర్ సెనేటర్ విలియం రాత్ పేరు పెట్టారు. మొదట్లో ఆదాయం లక్ష డాలర్లు దాటినవాళ్ళు ట్రెడిషనల్ నుంచి రాత్‌కి మార్చుకోవడానికి వీల్లేదు. 2006లో సంతకమైన చట్టం, 2010 నుంచి ఆ పరిమితిని తీసేసింది. నేరుగా రాత్‌లో వేయడానికి మాత్రం ఆదాయ పరిమితి అలాగే ఉంది, 2021లో దంపతులకి 2,08,000 డాలర్లు చేరితే అసలు వేయకూడదు. ఒక తలుపు మూసి ఉంది, పక్క తలుపు చట్టమే తెరిచింది. 2021లో దాన్ని మూసేసే నిబంధనతో ఒక బిల్లు ప్రతినిధుల సభ దాటి, సెనేట్‌లో ఆగిపోయింది. అంటే అది ఉందని కాంగ్రెస్‌కి తెలుసు, ఐఆర్ఎస్‌కి తెలుసు, 8606లో రెండో భాగం ఉన్నదే ఈ మార్పిడి రాయడానికి. దాచాల్సింది ఏమీ లేని చోట దాస్తే నష్టపోయేది మనమే.

ఎలా నష్టపోతామో చెప్తాను. 8606 వేయనందుకు జరిమానా 50 డాలర్లు, సరైన కారణం చూపిస్తే అదీ ఉండదు. ఆ యాభై చూసి చాలామంది పోనీలే అనుకుంటారు. అసలు దెబ్బ అది కాదు. పబ్లికేషన్ 590-ఎలో ఐఆర్ఎస్ రాసే పెట్టింది: డిడక్షన్ లేకుండా వేసిన డబ్బుని రిపోర్ట్ చేయకపోతే అదంతా డిడక్షన్ తీసుకున్న డబ్బుగానే చూస్తారు, తీసినప్పుడు మొత్తానికీ ట్యాక్స్ వేస్తారు, కాదనాలంటే రుజువు మనమే చూపించాలి. మన మౌనానికి వాళ్ళు తీసుకునే అర్థం అది. 1099-ఆర్ ఒక కాపీ వాళ్ళకీ వెళ్తుంది కాబట్టి, నికరంగా సున్నాయే కదా అని దాన్ని రిటర్న్‌లో ఎక్కించకుండా వదిలేస్తే ఏదో ఒక రోజు సీపీ2000 నోటీసు వచ్చి, మొత్తం డబ్బుకి ట్యాక్సూ వడ్డీ లెక్కగట్టి మీ ముందు పెడుతుంది. అప్పుడు చేసేది కూడా 8606 నింపి పంపడమే. ఆ టెన్షన్ పడ్డాక చేసేదాన్ని ముందే ఎందుకు చేయకూడదు?

మా నాన్నగారు తెనాలి దగ్గర సర్కారు బడిలో టీచరు. ఆయన బీరువా అడుగున ఒక రేకు పెట్టె ఉండేది, అందులో ఏడాదివారీగా పీఎఫ్ స్లిప్పులు దారంతో కట్టి పెట్టేవారు. మిస్సింగ్ క్రెడిట్స్ అన్న మాట టీచర్ల ఇళ్ళలో పెరిగినవాళ్ళందరికీ తెలుసు. జీతంలో కోసుకున్న డబ్బు ఏదో ఒక నెల స్లిప్పులో పడకపోతే, కోత పడింది నిజమేనని కాగితంతో చూపించుకోవాల్సింది ఉద్యోగే. రిటైరైన ఏడాది నాన్న ఆ కట్ట విప్పి, ఎప్పుడో పదిహేనేళ్ళ కిందటి రెండు నెలల డబ్బు రాబట్టుకున్నారు. మా అమ్మ ఆ పెట్టెని ఎన్నోసార్లు పారేయబోయింది. అమెరికా వచ్చాక, ఇక్కడ అన్నీ కంప్యూటర్లలో ఉంటాయిలే, అలాంటి పెట్టెలు అక్కర్లేదులే అనుకున్నదాన్ని నేను. 8606లో పద్నాలుగో లైన్ చదివినప్పుడు నాకు ఆ రేకు పెట్టే గుర్తొచ్చింది. మన ఐఆర్ఏలో ట్యాక్స్ కట్టిన సొమ్ము ఎంతుందో ఏ బ్రోకరేజ్ సైట్‌లోనూ కనపడదు, ఎవరూ ఏటేటా ఉత్తరం రాసి చెప్పరు. ఖాతాలోంచి ఆఖరి డాలరు తీసేదాకా 8606లూ, 5498లూ, 1099-ఆర్‌లూ దాచుకోమని ఐఆర్ఎస్సే చెబుతోంది. ముప్ఫై ఏళ్ళ వయసులో మొదలుపెట్టినవాళ్ళకి అది ముప్ఫై నలభై ఏళ్ళ కాపలా.

మా కథలో మేం ఎక్కువ కట్టాం. మా పిన్ని కొడుకుది సరిగ్గా తలకిందులు. వాడు సియాటెల్‌లో ఉంటాడు, సాఫ్ట్‌వేర్ పెట్టుకుని రిటర్న్ సొంతంగా వేసుకుంటాడు. నేను ఫ్యామిలీ గ్రూపులో నా గోడు రాస్తే రాత్రి పదింటికి ఫోన్ చేసి, "అక్కా, నేను 2022లో చేశాను, 8606 కూడా వేశాను, నాకు ట్యాక్స్ సున్నా వచ్చింది, నాది కరెక్టే కదా" అన్నాడు. ఆరో లైన్‌లో ఏముందో చూడమన్నాను. ఖాళీ. వాడికి పాత కంపెనీ 401కె (ఉద్యోగం ద్వారా వచ్చే రిటైర్మెంట్ ఖాతా) నుంచి మార్చుకున్న రోలోవర్ ఐఆర్ఏ ఒకటి ఉందని నాకు తెలుసు, పైగా అది వేరే బ్రోకరేజ్‌లో ఉంది. వాడి ఉద్దేశంలో ఆ ఖాతా వేరు, ఈ ఆరు వేలు వేసిన కొత్త ఖాతా వేరు, దీన్నే మార్చాడు కాబట్టి దాని ఊసు ఎందుకని. అక్కడే తప్పు జరిగింది. చట్టం దృష్టిలో ఒక మనిషికున్న ట్రెడిషనల్ ఐఆర్ఏలూ (రోలోవర్ కూడా అందులోదే), సొంత పనీ చిన్న వ్యాపారాల వాళ్ళకుండే సెప్, సింపుల్ ఐఆర్ఏలూ అన్నీ కలిపి ఒకటే కుండ. హంస పాలనీ నీళ్ళనీ వేరు చేసి పాలే తాగుతుందని చిన్నప్పుడు చదువుకున్నాం. ఐఆర్ఏ విషయంలో మనకి ఆ వీలు లేదు, గరిటెడు తీస్తే పాలూ నీళ్ళూ కుండలో ఉన్న పాళ్ళలోనే వస్తాయి.

లెక్క తేలిగ్గా ఉండటానికి అంకెలు కాస్త గుండ్రం చేస్తున్నాను. డిసెంబర్ 31న వాడి రోలోవర్ ఐఆర్ఏలో 94,000, రాత్‌కి మార్చింది 6,000, కలిపితే లక్ష. అందులో ట్యాక్స్ కట్టిన డబ్బు 6,000, అంటే నూటికి ఆరు. కాబట్టి మార్చిన ఆరు వేలలో ట్యాక్స్ లేనిది 360 డాలర్లే, మిగిలిన 5,640కి ట్యాక్స్ కట్టాలి. వాడి శ్లాబు కూడా 24 శాతమే, దాదాపు 1,354 డాలర్లు బాకీ, పైన వడ్డీ. "మరి నా ఆరు వేలు పోయినట్టేనా" అన్నాడు. పోలేదు. ఇప్పుడు వాడుకోలేకపోయిన 5,640 బేసిస్ పద్నాలుగో లైన్‌లో కూర్చుంటుంది, ముందు ముందు అక్కరకొస్తుంది, అది అక్కడ రాసి ఉంటేనే. ఆరో లైన్ ఖాళీగా వదిలిన వాడి పాత ఫారంలో ఆ అంకె కూడా సున్నాయే. డిసెంబర్ 31 నాటి నిల్వ 5498లో ఐఆర్ఎస్‌కి చేరుతుంది కాబట్టి ఇది ఎప్పటికీ బయటపడదని అనుకోవడానికి కూడా లేదు.

ఉద్యోగాలు మారినప్పుడల్లా పాత 401కెని రోలోవర్ ఐఆర్ఏకి తోసెయ్యడం మన వాళ్ళకి బాగా అలవాటు. ఖాతాలన్నీ ఒకచోట ఉంటే చూసుకోవడం సులభమని చేస్తారు, నేను తప్పు పట్టను. కానీ బ్యాక్‌డోర్ రాత్ చేసే ఉద్దేశం ఉంటే, కొత్త కంపెనీ ప్లాన్ ఒప్పుకుంటే, ఆ డబ్బుని అందులోకి పంపడం మేలు, ఎందుకంటే 401కెలో ఉన్నది ఈ కుండ లెక్కలోకి రాదు. భర్త పేరున రోలోవర్ ఉన్నా భార్య లెక్క మీద దాని నీడ పడదు, ఇది కూడా చాలామందికి తెలియదు. జీతంతో పాటు పక్కన కన్సల్టింగ్ చేసి సెప్ ఐఆర్ఏ పెట్టుకున్నవాళ్ళు మాత్రం మరింత జాగ్రత్తగా ఉండాలి.

ఇంకో అలవాటు, గడువు దగ్గరికొచ్చాక వేయడం. 2023 కోటా 6,500ని 2024 మార్చిలో వేసి, అదే నెలలో రాత్‌కి మార్చారనుకోండి. వేసిన డబ్బు 2023ది, మార్పిడి మాత్రం క్యాలెండర్ ప్రకారం 2024ది. కాబట్టి 2023 రిటర్న్‌తో ఒక 8606 వేసి పద్నాలుగో లైన్‌లో 6,500 నిలబెట్టాలి, 2024 ఫారంలో దాన్ని రెండో లైన్‌కి తెచ్చుకోవాలి. మొదటిది వేయకపోతే, 2025 జనవరిలో 1099-ఆర్ వచ్చేసరికి ఆ డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పే కాగితం రిటర్న్‌లలో ఎక్కడా ఉండదు. మనిషి కూడా మర్చిపోయి ఉంటాడు, మధ్యలో ఏడాది గడిచింది కదా. ఏ ఏడాది డబ్బు ఆ ఏడాదే వేసి, ఆ ఏడాదే మార్చేస్తే ఈ బాధ ఉండదు. ఇప్పుడు మేం జనవరిలోనే చేసేస్తున్నాం.

మెగా బ్యాక్‌డోర్, అంటే 401కెలోనే ట్యాక్స్ కట్టిన డబ్బు అదనంగా వేసి రాత్‌కి మార్చడం, చేసేవాళ్ళకి ఇదంతా వింతగా అనిపిస్తుంది, వాళ్ళ అనుభవం వేరు. కంపెనీ 401కె లోపలే జరిగే మార్పిడికి వచ్చే 1099-ఆర్‌లో కోడ్ జి ఉంటుంది, ట్యాక్స్ కట్టిన భాగం ఎంతో బాక్స్ 5లో ప్లానే రాసి పంపుతుంది, అది 1040లో 5ఎ, 5బి లైన్లకి వెళ్తుంది, 8606తో పని లేదు. అక్కడ లెక్క ప్లాన్ ఉంచుతుంది. ఐఆర్ఏ లెక్క మనమే ఉంచుకోవాలి. ఈ తేడా తెలియక, అదేదో ఆటోమేటిగ్గా అయిపోతుందిలే అని రెంటికీ ఒకటే ధైర్యం పెట్టుకుంటున్నారు.

దిద్దుకోవడం సంగతి. వేసిన రిటర్న్‌ని సరిదిద్దే ఫారం 1040-ఎక్స్ అనగానే మన వాళ్ళకి ఒక భయం, వీసా మీదో గ్రీన్‌కార్డు క్యూలోనో ఉన్నవాళ్ళకి ఇంకా ఎక్కువ, తేనెతుట్టెని కదిపినట్టు అవుతుందేమోనని. దిద్దుకోమని ఐఆర్ఎస్సే ఫారం ఇచ్చినప్పుడు, తప్పుందని తెలిసీ వదిలేయడం కన్నా దాన్ని వాడుకోవడమే నయమని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఎక్కువ కట్టిన ట్యాక్స్ తిరిగి అడగడానికి మామూలుగా మూడేళ్ళు, గడువు కన్నా ముందే వేసిన రిటర్న్‌ని గడువు రోజునే వేసినట్టు లెక్కిస్తారు. 2021 రిటర్న్‌కి ఆ గడువు 2022 ఏప్రిల్ 18, కాబట్టి మాకు 2025 ఏప్రిల్ దాకా టైముండింది. ఇల్లు మారే ఆలోచన ఒక్క ఏడాది ఆలస్యమై ఉంటే ఆ 2,880 ఇక రానట్టే. చెరొక 8606 నింపి, కారణం నాలుగు వాక్యాల్లో రాసి, 2024 నవంబర్‌లో పంపాం. ఫిబ్రవరిలో డబ్బు వచ్చింది, వడ్డీతో సహా. ఆ రిటర్న్ చేసినాయనే ఫీజు తీసుకోకుండా 1040-ఎక్స్ తయారుచేసిపెట్టారు, అది కూడా చెప్పాలి. ఇప్పుడు ఆయన అందరికీ పంపే ప్రశ్నల షీట్‌లో ఐఆర్ఏలో డబ్బు వేశారా అన్న ప్రశ్న చేరింది.

ఎవరి దగ్గర చేయించుకున్నా, సంతకం పెట్టే ముందు రిటర్న్‌లో 4బి చూడండి. అందులో ఉన్న అంకె మీరు ఊహించింది కాకపోతే ఆపండి, అడగండి. 8606 ఉందా, ఇద్దరూ చేసి ఉంటే రెండు ఉన్నాయా, ఆరో లైన్‌లో మీ పాత ఐఆర్ఏల నిల్వ ఉందా, పోయినేడు పద్నాలుగులో ఉన్నది ఈ ఏడు రెండులోకి వచ్చిందా. ట్యాక్స్ చేసే మనిషిని మార్చినప్పుడు, సాఫ్ట్‌వేర్ మార్చినప్పుడు సరిగ్గా ఆ అంకే జారిపోతుంది, కొత్తవాళ్ళకి పాత 8606 ఇవ్వాలని మనకి తోచదు. ఇక హైదరాబాదో విజయవాడో తిరిగి వెళ్ళిపోదామనుకునేవాళ్ళు ఆ కాగితాలు కంపెనీ లాప్‌టాప్‌లోనో, లాగిన్ పోయే పోర్టల్‌లోనో వదిలేసి వెళ్ళకండి. అరవై ఏళ్ళప్పుడు అక్కడినుంచి ఈ ఖాతా ముట్టుకున్నా బేసిస్ ఎంతో చెప్పాల్సింది మీరే.

మా సియాటెల్ తమ్ముడు కూడా 2022 రిటర్న్ దిద్ది, కట్టాల్సింది వడ్డీతో కట్టాడు. 2023లో వాడు ఐఆర్ఏలో ఏమీ వేయలేదు, తీయలేదు. 2024 డిసెంబర్‌లోపు రోలోవర్ ఐఆర్ఏలో ట్యాక్స్ కట్టని డబ్బంతా, పెరిగినదానితో సహా, కొత్త కంపెనీ 401కెలోకి పంపేశాడు. ట్యాక్స్ కట్టిన 5,640 మాత్రం వెనక మిగిలింది, ఎందుకంటే అది 401కెలోకి వెళ్ళకూడదు. దానికి ఆ ఏడాది 7,000 కలిపి మొత్తం 12,640 రాత్‌కి మార్చాడు. మొన్న రిటర్న్ పంపే ముందు 8606 ఫోటో తీసి నాకు పెట్టాడు. రెండో లైన్‌లో 5,640, ఆరులో సున్నా, ఎనిమిదిలో 12,640, పద్నాలుగులో సున్నా, పద్దెనిమిదిలో సున్నా. కింద ఒక్క మాట, "అక్కా, ఒకసారి చూడు." రెండుసార్లు చూసి, పంపేయమన్నాను.